రెండో పొడగరిని గోల్స్ లెక్కతో కొలవకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ మీద వేసిన పట్టిక చూశాను. పద్దెనిమిది జట్లలోనూ ప్రధాన ఫార్వర్డ్‌కి తోడుగా ఆడే రెండో పొడగరి ఫార్వర్డ్ ఎవరు, 2025 సీజన్‌లో అతను ఎన్ని గోల్స్ కొట్టాడు అని వరసగా ఇచ్చారు. ఎక్కువ కొట్టినవాడు పైన, తక్కువ కొట్టినవాడు కింద. తెలుగు పత్రికలో ఫుటీకి (ఇక్కడ ఈ ఆటని అలాగే పిలుస్తారు) అంత చోటు దొరికినందుకు నిజంగా సంతోషించాను. ఆస్ట్రేలియాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకి ఇదే మొదటి ఆట. వాళ్ల అమ్మమ్మలూ తాతయ్యలూ దాని గురించి చదువుకోవడానికి తెలుగులో ఏమీ ఉండదు. అందుకే ఆ పట్టిక గురించి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఆ వరస సరైంది కాదు. రెండో పొడగరిని అలా కొలిస్తే ఆ స్థానంలో ఆడే మంచి ఆటగాళ్లందరూ కిందికి పోతారు.

నేను మెల్‌బోర్న్ పడమటి శివారులో, టార్నీట్‌లో ఉంటాను. మా అబ్బాయి అండర్-16 జట్టులో సరిగ్గా ఈ స్థానంలోనే ఆడతాడు. పిల్లల మ్యాచ్‌లకి గోల్ అంపైర్లుగా తల్లిదండ్రులే నిలబడాలి. మా జట్టు తరఫున ఆ తెల్ల కోటు వేసుకుని, రెండు జెండాలు పట్టుకుని ఎక్కువగా నేనే నిలబడుతుంటాను. గోల్ స్తంభాల వెనక నుంచి చూస్తే ఆట టీవీలో కనిపించినట్టు ఉండదు. కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. స్తంభాల దగ్గర నిలబడ్డవాళ్లకి మాత్రం బంతి రాకముందు ఎవరు ఎటు పరిగెత్తారో, ఎవరిని వెంట లాక్కుపోయారో అంతా ఎదురుగా కనిపిస్తుంది. రెండో పొడగరి పని దాదాపు మొత్తం ఆ కొద్ది క్షణాల్లోనే ఉంటుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్తాను. జట్టుకి మైదానంలో పద్దెనిమిది మంది. మధ్య రెండు స్తంభాల్లోంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క స్తంభాల మధ్య పోతే బిహైండ్, ఒక్క పాయింటే. పదిహేను మీటర్లకి మించి వచ్చిన తన్నుని గాల్లోనే, మధ్యలో ఎవరూ తాకకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాడు ఆగి, నిదానంగా గోల్‌కి గురిపెట్టుకోవచ్చు. అందుకే గోల్ దగ్గర ఎత్తుగా ఉండి, గాల్లో బలంగా ఉండేవాళ్లు కావాలి. అలాంటి ఫార్వర్డ్ ఒక్కడే ఉంటే ప్రత్యర్థి జట్టుకి పని సులువవుతుంది. వాడి మీద ఒక డిఫెండర్‌ని పెట్టి, ఇంకో పొడవాటి డిఫెండర్‌ని ఎవరి మీదా కట్టెయ్యకుండా వదిలేస్తారు. ఆ రెండోవాడు బంతి దిగే చోటు ముందే పసిగట్టి, అడ్డంగా వచ్చి పట్టేస్తాడు. ఇక్కడ దాన్ని ఇంటర్‌సెప్ట్ మార్క్ అంటారు. ఈ రోజుల్లో జట్ల దాడులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఆ రెండో డిఫెండర్ తన మనిషిని వదిలి పోలేని పరిస్థితి తేవడమే రెండో పొడగరి మొదటి పని. అంటే వీడు ప్రమాదకరంగా ఉండాలి. బంతి తనకి రాదని తెలిసినా ప్రతిసారీ నిజంగా వస్తుందన్నట్టే పరిగెత్తాలి. ఊరికే జాగింగ్ చేస్తే డిఫెండర్‌కి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది కాక ఇంకో రెండు పనులున్నాయి. తను మార్క్ పట్టలేకపోయినా బంతి అవతలివాడి చేతిలో పడకుండా నేలమీదికి దింపాలి, అప్పుడు పొట్టి ఫార్వర్డ్‌లు ఏరుకుంటారు. ప్రధాన రక్‌మన్, అంటే అంపైర్ విసిరిన బంతికి ఎగిరి తమవాళ్లకి అందించే పొడగరి, ఆయాసం తీర్చుకుంటుంటే బౌండరీ దగ్గర త్రో-ఇన్‌కి, అంటే బయటికి పోయిన బంతిని అంపైర్ లోపలికి విసిరినప్పుడు, తను ఎగరాలి. వీటిలో ఏదీ మీ పట్టికలో లేదు.

చాలామందికి గుర్తుండే ఉదాహరణ 2023 గ్రాండ్ ఫైనల్, అంటే కప్పు ఎవరిదో తేల్చే ఆఖరి మ్యాచ్. కాలింగ్‌వుడ్, బ్రిస్బేన్. కాలింగ్‌వుడ్‌కి రెండో పొడగరిగా ఆడుతున్న డాన్ మెక్‌స్టే, గ్రేటర్ వెస్ట్రన్ సిడ్నీ మీద ఒక్క పాయింట్‌తో గెలిచిన ప్రిలిమినరీ ఫైనల్‌లో (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు) మోకాలు దెబ్బ తగిలి తప్పుకున్నాడు. అతని స్థానంలో బిల్లీ ఫ్రాంప్టన్‌ని తెచ్చారు. ఫ్రాంప్టన్ ఆ సీజన్‌లో ఎక్కువగా డిఫెండర్. అతన్ని ఫార్వర్డ్‌గా ఎందుకు పెట్టారంటే, హారిస్ ఆండ్రూస్‌ని పట్టుకుని కూర్చోడానికి. ఆండ్రూస్ బ్రిస్బేన్ డిఫెన్స్‌కి మూలస్తంభం, లీగ్‌లో ఇంటర్‌సెప్ట్ మార్క్‌లు పట్టేవాళ్లలో మేటి. ఫ్రాంప్టన్ ఆ రోజంతా అతనికి అంటుకుని, భుజం అడ్డం పెట్టి, అతను స్వేచ్ఛగా తిరక్కుండా చూశాడు. కాలింగ్‌వుడ్ 90-86తో, నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ రోజు ఫ్రాంప్టన్ అంకెలు చూస్తే ఎవరూ మెచ్చుకోరు. నా దృష్టిలో మాత్రం ఆ స్థానంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇటీవల గ్రాండ్ ఫైనల్స్‌లో ఇంకోటి లేదు. మీ పట్టిక పద్ధతిలో అతను అట్టడుగున ఉంటాడు.

దీనికి ఎదురుమాట ఒకటుంది, దాన్నీ దాటవెయ్యను. 2017లో రిచ్‌మండ్ రెండో పొడగరి లేకుండానే కప్పు గెలిచింది. జాక్ రీవోల్ట్ ఒక్కడే పొడుగు, చుట్టూ డాన్ బట్లర్, జేసన్ కాస్టాన్యా, డానియల్ రియోలీ లాంటి చురుకైన పొట్టివాళ్లు. రీవోల్ట్ బంతిని నేలకి దింపేవాడు, వీళ్లు వేటాడేవాళ్లు. గ్రాండ్ ఫైనల్‌లో అడిలైడ్‌ని 48 పాయింట్లతో ఓడించారు. దాంతో రెండో పొడగరి కాలం చెల్లిపోయిందని చాలామంది రాశారు. మరుసటి ఏడు రిచ్‌మండ్ లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచి ప్రిలిమినరీ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా కాలింగ్‌వుడ్. మన క్రికెట్ అభిమానులకి బాగా తెలిసిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే ఆ మ్యాచ్. కాలింగ్‌వుడ్‌లో మేసన్ కాక్స్ అనే అమెరికన్, 211 సెంటీమీటర్ల మనిషి, కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడి పెద్దయ్యాక ఈ ఆట నేర్చుకున్నవాడు. రెండో క్వార్టర్‌లో మూడు గోల్స్ కొట్టాడు. రిచ్‌మండ్‌లో అలెక్స్ రాన్స్ లాంటి గొప్ప డిఫెండర్ ఉన్నా ఆ ఎత్తుకి జవాబు లేకపోయింది. రిచ్‌మండ్ 39 పాయింట్లతో ఓడింది. ఆ సీజన్ అవగానే వాళ్లు చేసిన పని గోల్డ్ కోస్ట్ నుంచి టామ్ లించ్‌ని తెచ్చుకోవడం. 2019లో లించ్ 63 గోల్స్ కొట్టాడు. ఆ ఏటి గ్రాండ్ ఫైనల్‌లో రీవోల్ట్ ఐదు కొట్టాడు, జట్టు 89 పాయింట్లతో గెలిచింది. 2020లోనూ కప్పు వాళ్లదే. ఒక్క పొడగరితో గెలవగలమని చూపించిన జట్టే రెండోవాడిని వెతుక్కుంది. నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు జతల సంగతి. ఈ శతాబ్దంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత హాథార్న్‌ది. 2004 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేప్పుడు, రెండో ఎంపికగా జారిడ్ రఫ్‌హెడ్‌ని, ఐదో ఎంపికగా లాన్స్ ఫ్రాంక్లిన్‌ని తీసుకున్నారు. 2008లో ఫ్రాంక్లిన్ 113 గోల్స్ కొడితే దేశమంతా అతని పేరే. పక్కన రఫ్‌హెడ్ 75 కొట్టాడు. ఆ ఏడాది లీగ్ దశ మొత్తంలో ఒక్క మ్యాచే ఓడిన జీలాంగ్‌ని గ్రాండ్ ఫైనల్‌లో ఓడించారు. తర్వాత రఫ్‌హెడ్ చీలమండ వెనక స్నాయువు తెగి కోలుకుని వచ్చాక, జట్టుకి కావాలంటే రక్‌లో కూడా ఎగిరాడు. 2013లో లీగ్ దశలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే కోల్‌మన్ మెడల్ గెలిచాడు, అదీ ఫ్రాంక్లిన్ పక్కన ఆడుతూనే. ఆ సీజన్ తర్వాత ఫ్రాంక్లిన్ తొమ్మిదేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం మీద సిడ్నీకి వెళ్లిపోయాడు. హాథార్న్ పని అయిపోయిందనుకున్నారు. 2014 గ్రాండ్ ఫైనల్‌లో అదే ఫ్రాంక్లిన్ ఉన్న సిడ్నీని హాథార్న్ 63 పాయింట్లతో ఓడించింది. ఆ ఏడూ రఫ్‌హెడ్ గోల్స్ 75. ఇంకో రెండేళ్లకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తిరగబెట్టి ఆటకి దూరమై, చికిత్స చేయించుకుని, 2017లో కెప్టెన్‌గా తిరిగొచ్చాడు. ఆ మనిషి గురించి మా అబ్బాయికి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

గోల్స్‌లో సమానంగా పంచుకున్న జత అంటే 2022 జీలాంగ్. టామ్ హాకిన్స్ 67, జెరెమీ కామెరూన్ 65. ఇద్దరిలో ఎవరు మొదటివాడు, ఎవరు రెండోవాడు? హాకిన్స్ గోల్ దగ్గరే కాపు కాసి శరీర బలంతో గెలిచేవాడు. ఎడమ కాలి వాటం కామెరూన్ వింగ్ దాకా, అంటే మైదానం మధ్య పక్క అంచుల దాకా, వచ్చి బంతి తీసుకుని, మళ్లీ ముందుకి పరిగెత్తి, దూరం నుంచి తన్నేవాడు. ఒకడు డిఫెండర్‌ని లోపలికి లాగితే ఇంకోడు బయటికి లాగాడు. వాళ్లు ఎప్పుడూ ఒకే చోటు కోసం పోటీ పడలేదు. సిడ్నీని 81 పాయింట్లతో చిత్తు చేసిన ఆ గ్రాండ్ ఫైనల్‌లో మొదటి రెండు గోల్స్ హాకిన్స్‌వే. అవి రెండూ మార్క్ పట్టి కొట్టినవి కావు. బౌండరీ త్రో-ఇన్‌లో రక్ పనికి నిలబడి, బంతిని గాల్లోంచే లాక్కుని తన్నినవి. ఇందాక చెప్పానే, రక్‌మన్‌కి బదులు ఎగరడం అని, అది ఎంత విలువైనదో ఆ పది నిమిషాలు చూస్తే చాలు.

దీనికి పక్కన కార్ల్‌టన్‌ని పెట్టి చూడండి. హ్యారీ మెకే 2021లో 58 గోల్స్‌తో కోల్‌మన్ గెలిచాడు. చార్లీ కర్నో 2022లో 64తో, 2023లో 78తో గెలిచాడు. వరసగా మూడేళ్లు ఆ మెడల్ ఒకే జట్టుకి. కాగితం మీద ఇంతకు మించిన జత లేదు. అయినా ఆ జత ఆడినన్నాళ్లూ కార్ల్‌టన్ ఒక్క గ్రాండ్ ఫైనల్‌కి కూడా చేరలేదు, 2023లో ప్రిలిమినరీ ఫైనల్‌లో బ్రిస్బేన్ చేతిలో ఆగిపోయింది. మిడ్‌ఫీల్డ్ నుంచి బంతి గుడ్డిగా ఎత్తి తన్నుతుంటే ఫార్వర్డ్‌లు ఏం చేస్తారని కార్ల్‌టన్ అభిమానులు అంటారు, అందులో నిజం లేకపోలేదు. కానీ నేను చూసిన మ్యాచ్‌ల్లో ఇద్దరూ చాలాసార్లు ఒకే బంతి కింద ఎగిరారు. ఇద్దరు ఎగిరితే వాళ్లతో పాటు ఇద్దరు డిఫెండర్లు, వాళ్లకి తోడు మూడోవాడు. బంతి ఎవరికీ దక్కదు. మెకే గోల్స్ తగ్గిన ఏళ్లలో అతని మీద వచ్చినన్ని విమర్శలు నాకు అన్యాయం అనిపించాయి. ఆ ఏళ్లలో అతను గోల్‌కి దూరంగా, బౌండరీ పక్కన, తన జట్టు డిఫెన్స్ నుంచి వచ్చే పొడుగు తన్నులకి ఎగిరి ఆదుకుంటూ తిరిగాడు. ఆ శ్రమకి కర్నో గోల్స్‌లో వాటా ఉంది.

తోడు లేని ఒంటరి పొడగరి ఎలా ఉంటాడో చూడాలంటే 2023 నార్త్ మెల్‌బోర్న్. నిక్ లార్కీ 71 గోల్స్ కొట్టాడు. జట్టు గెలిచిన మ్యాచ్‌లు మూడే. ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు మీద పడుతుంటే అన్ని గోల్స్ కొట్టాడంటే అతనికి దండం పెట్టాలి. తర్వాత వెస్ట్ కోస్ట్ నుంచి జాక్ డార్లింగ్‌ని తెచ్చారు. 2018లో వెస్ట్ కోస్ట్ కప్పు గెలిచినప్పుడు జాష్ కెనెడీ పక్కన ఆ పని చేసినవాడు డార్లింగ్. వయసు మళ్లిన ఆటగాణ్ణి ఎందుకు తెచ్చారని అడిగినవాళ్లకి నా జవాబు ఒకటే: లార్కీకి తోడు కావాలి, డార్లింగ్‌కి ఆ పని ఎముకల్లో ఉంది.

మీ పట్టికలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఎరిక్ హిప్‌వుడ్‌ని పెట్టిన చోటు. బ్రిస్బేన్‌లో అతను చాలాకాలం జో డానిహర్ పక్కన ఆడాడు. రెండు మీటర్లు దాటిన మనిషి, అలిసిపోకుండా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుతాడు. మార్క్‌లు జారవిడుస్తాడని అభిమానులు తిడతారు. నిజమే, జారవిడుస్తాడు. కానీ అతను పరిగెత్తిన ప్రతిసారీ ఒక పొడవాటి డిఫెండర్ గోల్ దగ్గర నుంచి బయటికి పోతాడు, ఆ ఖాళీలో ఇంకొకరు మార్క్ పడతారు. 2024 కప్పు గెలిచాక డానిహర్ ఉన్నట్టుండి ఆట మానేశాడు. ముందు వరస కూలిపోతుందనుకుంటే లోగన్ మోరిస్ అనే కుర్రాడు నిలబడ్డాడు, 2025లో జీలాంగ్‌ని 47 పాయింట్లతో ఓడించి కప్పు నిలబెట్టుకున్నారు. అంత చిన్నవాడు అంత త్వరగా ఎదగడంలో పక్కన పరిగెత్తే పెద్దవాడి పాత్ర లేదంటే నేను ఒప్పుకోను.

గ్రేటర్ వెస్ట్రన్ సిడ్నీలో ఏరన్ కాడ్‌మన్‌కి కూడా అదే మేలు జరుగుతోంది. 2022 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతను. 2024 కోల్‌మన్ గెలిచిన జెస్సీ హోగన్ పక్కన ఉండబట్టి ప్రత్యర్థుల బలమైన డిఫెండర్ హోగన్ మీదికి పోతాడు, కుర్రాడికి ఊపిరి ఆడుతుంది. అడిలైడ్‌ది ఇంకో దారి. రైలీ థిల్‌థార్ప్, డార్సీ ఫోగార్టీ, టేలర్ వాకర్, ముగ్గురు పొడగరులు. 2025లో లీగ్ దశలో మొదటి స్థానం, ఆ తర్వాతి ఫైనల్స్ దశలో వరసగా రెండు ఓటములు. ముగ్గురు పొడగరులుంటే బంతి నేలమీద పడ్డాక దాన్ని తిరిగి సంపాదించేవాళ్లు తగ్గిపోతారని నాకు అనిపిస్తుంది. ఫ్రీమాంటిల్‌లో జాష్ ట్రేసీ మొరటు బలం, జై ఆమిస్ గురి, రెండూ కలిసి బాగా అమరాయి. వెస్ట్రన్ బుల్‌డాగ్స్‌కి ఏరన్ నాటన్, 208 సెంటీమీటర్ల సామ్ డార్సీ ఉన్నారు. గోల్ వెనక నిలబడి చూడాలని నాకు అన్నిటికన్నా ఆశగా ఉన్న జత అదే.

2026కి లెక్కలన్నీ మారిపోయాయి. కర్నో సిడ్నీకి వెళ్లాడు, ఆస్కర్ అలెన్ వెస్ట్ కోస్ట్ వదిలి బ్రిస్బేన్‌కి, బ్రోడీ మిహోచెక్ కాలింగ్‌వుడ్ నుంచి మెల్‌బోర్న్‌కి, జమారా ఉగల్-హేగన్ గోల్డ్ కోస్ట్‌కి, బెన్ కింగ్ పక్కకి. సిడ్నీలో ఇప్పటికే జోయల్ అమార్టీ ఉన్నాడు. 2024లో అడిలైడ్ మీద ఒకే మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టినవాడు. అలాంటివాడు ఇప్పుడు కర్నో కోసం డిఫెండర్లని పక్కకి లాగే పని చెయ్యాలి. అతని గోల్స్ తగ్గవచ్చు. తగ్గితే మీ పట్టిక అతన్ని కిందికి దింపుతుంది, సిడ్నీ మాత్రం పైకి పోవచ్చు.

నాకు ఇదంతా ఇంత పట్టింపు ఎందుకంటే ఇంట్లో ఈ బాధ చూస్తున్నాను. మొన్న ఒక మ్యాచ్‌లో మా అబ్బాయి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. నాలుగు క్వార్టర్లూ అవతలి జట్టులో అందరికన్నా పొడవాటి కుర్రాణ్ణి కుడి బౌండరీ వైపు లాక్కుపోతూనే ఉన్నాడు. మా జట్టు పెద్ద ఫార్వర్డ్ అయిదు కొట్టాడు. ప్రతి గోల్‌కీ రెండు జెండాలూ ఊపింది నేనే, అందులో ఎన్నింటికి దారి మా వాడు తీశాడో నా కళ్లతో చూశాను. మ్యాచ్ అయ్యాక మనవాళ్లే ఒకాయన వచ్చి, "ఏం బాబూ, ఇవాళ ఏం ఆడలేదా?" అన్నారు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. వాడు కారులో ఇంటిదాకా మాట్లాడలేదు. ఆ రాత్రి కోచ్ పంపిన మెసేజ్‌లో మొదట మెచ్చుకున్నది వాణ్ణే, అది చదివాకే అన్నం తిన్నాడు. రేపు ఇంకో పిల్లవాడి తాతయ్య మీ పేజీ చదివి, పట్టికలో కింద ఉన్నవాడంటే పనికిరానివాడు అనుకోకూడదు.

కాబట్టి ఈ సీజన్‌లో మళ్లీ జట్లని పోల్చేటప్పుడు దయచేసి గోల్స్ పక్కన మరికొన్ని వివరాలు చేర్చండి. ఆ ఆటగాడి మీద ప్రత్యర్థులు ఏ డిఫెండర్‌ని పెట్టారు, ఆ డిఫెండర్ ఆ రోజు ఎన్ని ఇంటర్‌సెప్ట్ మార్క్‌లు పట్టాడు, మనవాడు పోటీలో గెలిచి పట్టిన మార్క్‌లెన్ని, ఇతరుల గోల్స్‌కి ఎన్నిసార్లు సాయపడ్డాడు, రక్‌లో ఎన్నిసార్లు ఎగిరాడు. వీటిలో చాలా వరకు లీగ్ అంకెల్లోనే దొరుకుతాయి. డిఫెండర్ ఎవరన్నది మ్యాచ్ చూసి రాసుకోవాలి. మీ విలేకరికి తీరిక లేకపోతే విక్టోరియాలో జరిగే మ్యాచ్‌లకి నేను రాసి పంపుతాను. మొదటగా సిడ్నీ ఇక్కడికి వచ్చి ఆడే మ్యాచ్‌తో మొదలుపెట్టి, అమార్టీ ఒక్కడినే నాలుగు క్వార్టర్లూ చూస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
టార్నీట్, మెల్‌బోర్న్